న్యాయపదములు - పదుగురి చేవ్రాలు



కొన్ని నెలల క్రిందట విజయనగరములో నా మిత్రుడైన ఒక వకీలుగారి ఆఫీసులో కూర్చుండి యుంటిని. గజపతినగరము వైపు పల్లెనుండి ఒక రైతు కుటుంబమువారు పాత కాగితముల కట్టయొకటి మూటగట్టి తెచ్చిరి. వారికి రెండెకరముల భూమి అమ్మవలసి వచ్చినది. కొనువారి తరపు వకీలు ఆ భూమి మొదట ఏ హక్కుతో వచ్చినదో తెలుపుడని పట్టుపట్టెను. కట్టలోని యొక పాత నకలులో "మొఖాసా" అనియు, "కట్టుబడి" అనియు రెండు మాటలు కనబడినవి. ఆ రెండు మాటల యర్థము తేలిననేగాని బేరము సాగదు. బేరము సాగిననేగాని ఆ యింటి పిల్ల చదువునకు సొమ్ము లేదు.

మా మిత్రుని యొద్ద పని నేర్చుకొనుచున్న చిన్న వకీలు తన ఫోను తీసి, ఎవరైనను వచ్చి వ్రాయగల యొక వెబ్సైటు తెఱచి చదివెను. ఒకరు మొఖాసా యనగా జమీందారు తన బంధువుల కిచ్చిన గ్రామమని వ్రాసిరి. దాని క్రిందనే మఱియొకరు, కాదు, కొలువునకు జీతముగా నిచ్చిన భూమి యని వ్రాసిరి. మూడవవారు ఇద్దఱిదియు తప్పే యనిరి గాని ఒప్పేదో చెప్పలేదు. మూలను కూర్చుండి దస్తావేజులు కుట్టుచున్న ముసలి గుమాస్తా తలయెత్తి, "ఇది రాసినాయనది ఏ ఊరు, బాబూ?" అని యడిగెను. చిన్న వకీలు నవ్వెను. మేమును నవ్వితిమి. కాని యింటికి వచ్చిన తరువాత ఆ ప్రశ్న నన్ను విడువలేదు. చరిత్ర చదువుకొన్నవాడనగుటచే, ఇదే ప్రశ్న మన ప్రాంతమున మునుపెవరైనను అడిగిరా యని వెదకితిని. నేటి నా ప్రసంగము ఆ వెదకులాట ఫలితమే.

న్యాయశాస్త్ర విషయములు తెలుపు వెబ్సైటులలో నేడు గొప్ప మార్పు జరుగుచున్నది. ఒకప్పుడు ప్రచురణకర్త వ్రాయించి యిచ్చెడివాడు, వకీలు చదువుకొనెడివాడు. ఇప్పుడు చదువువాడే వ్రాయుచున్నాడు. తీర్పునకు సారాంశము కూర్చువారు, పదమునకు అర్థము చెప్పువారు, ఒకరి వ్యాఖ్యపై మఱియొకరు వ్యాఖ్యానించువారు అందఱును ఆ పాఠకులే. దీనిని వింతగా చెప్పుకొనుచున్నారు. ఉపకరణము క్రొత్తదే గాని పని మాత్రము క్రొత్తది కాదు.

మన ధర్మశాస్త్రము పెరిగిన తీరు చూడుడు. యాజ్ఞవల్క్యస్మృతి యొకటి. దానికి కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. ఆ వ్యాఖ్యను 13వ శతాబ్దమున, తిక్కనకు దశకుమారచరిత్ర నంకితమిచ్చిన కేతన, విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పిమ్మట 1810లో కోల్బ్రూకు దొర మితాక్షరలోని దాయభాగమును ఇంగ్లీషున అచ్చు వేయించెను. ఇంగ్లీషు కోర్టులు తీర్పులు చెప్పునపుడు మూలస్మృతి కంటె వ్యాఖ్యనే యెక్కువగా పట్టుకొనినవి. అనగా మూలము నొకరు చెప్పిరి, అంచులలో వ్రాసినవారు పలువురు. అంచులలోని వ్రాతయే కొంతకాలమునకు చట్టమైనది. అంతటితో నాగలేదు. 1868లో రామనాథపురపు వ్యాజ్యమున లండనులోని ప్రీవీ కౌన్సిలు, ఆచారము స్పష్టముగా రుజువైనచో అది గ్రంథపాఠమును గూడ త్రోసివేయునని తీర్మానించినది. ఆచారమును రుజువు చేయువాడెవడు? పండితుడు కాదు, ఆ యూరివాడు.

ఇక మన సీమకు వత్తము. శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగము ఒకనాడు తూర్పు గాంగుల రాజధాని యైన కళింగనగరము. ఆ రాజులు బ్రాహ్మణులకును దేవాలయములకును ఇచ్చిన దానములు రాగిరేకులపైనను రాతిపైనను చెక్కబడినవి. ఊరి యెల్లలు, చెఱువు గట్టు, పుట్ట, చెట్టు మొదలగునవి పేరు పేరున తెలిపి, ఎంత భూమి, ఎవరికి, ఏ హక్కుతో ఇచ్చిరో అందు వివరించిరి. తామ్రశాసనములలో తఱచుగా కడపట రెండు పేరులు కనబడును. ఒకటి వ్రాసినవానిది, రెండవది చెక్కినవానిది. రాజు పేరు మొదట నుండుట సహజమే. కాని చేతితో పనిచేసినవాని పేరు గూడ ఉండుట యెందులకు? రేపు తగవు వచ్చినపుడు, ఈ యక్షరముల కెవరు పూచీ యని యడుగువానికి జవాబుండవలెనని నేనూహించుచున్నాను.

ఆ శాసనములను మఱల చదివి లోకమున కందించినవారిలో నొకరు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వారు 1863లో శ్రీకాకుళము దాపునగల పర్వతాలపేటలో పుట్టిరి. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేయుచు, ఏ శాసనశాఖ యుద్యోగమును లేకయే, పాత లిపులను స్వయముగా నేర్చుకొని ముఖలింగ శాసనములను చదివిరి. కొండలకుపోయి సవరభాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. ఎవరును వారికి ఈ పని యప్పగింపలేదు. అయినను వారు వ్రాసిన ప్రతి మాట క్రిందను వారి పేరున్నది. తప్పున్నచో ఎవరిని పట్టుకొనవలెనో లోకమునకు తెలియును.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతోను, 1766లో నిజాముతో చేసికొనిన యొడంబడికతోను ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ వశమైనవి. వానిలో చికాకోలు సర్కారు మనది. చికాకోలనగా శ్రీకాకుళమే. 1802లో మద్రాసు ప్రభుత్వము వరుసగా రెగ్యులేషనులు చేసినది. 25వది శాశ్వత పైసలా నేర్పఱచినది. 29వది కరణముల విధులను నిర్ణయించినది. జిల్లా కోర్టులు వెలసినవి. కోర్టులోని దొరకు ఇంగ్లీషు తెలియును, కొంత పారసీకము తెలియును. ఎదుటనున్న కాగితములో అగ్రహారము, శ్రోత్రియము, ఉంబళము, మొఖాసా, ముఠా, కట్టుబడి, పుట్టి, గరిసె యను మాటలున్నవి. వీనిలో సంస్కృతము కొంత, పారసీకము కొంత, తెలుగు కొంత. ఒక మాటకే తాలూకాకొక అర్థము. పుట్టియను కొలత ఊరూరికి వేఱు. కట్టుబడి యనగా ఇనాముదారు చెల్లించు స్వల్పమైన పన్నొకటి, ఆ పన్నుమీద భూమి ననుభవించుచు జమీందారునకు బంట్రోతుగా కొలువుచేయు మనుష్యుడు మఱియొకటి. ఆ మాటకు తప్పుడర్థము చెప్పినచో ఒక కుటుంబము భూమి పోవును.

అప్పుడు కంపెనీ డైరెక్టరులు చేసిన పని నేటివారికి ఆశ్చర్యము కలిగింపగలదు. 1842లో వారు న్యాయ, రెవెన్యూ పదముల పట్టికయొకటి చిత్తుగా అచ్చు వేయించి, ఖాళీ గడులు విడిచి, హిందూదేశమందలి యుద్యోగుల కెల్ల పంపించిరి. మీ జిల్లాలో ఈ మాట కర్థమేమి? అక్కడి లిపిలో నెట్లు వ్రాయుదురు? ఇందు లేని మాట లేవైన నున్నవా? నింపి పంపుడు. ఇదీ యుత్తరువు. నేటి వెబ్సైటులో పాఠకుడు నింపుటకు విడిచిపెట్టిన ఖాళీ పెట్టెకును, ఆ ఖాళీ గడికిని భేదమేమున్నది?

ఫలితము ఆశించినంత రాలేదు. ఉద్యోగులకు తీరిక లేదు. వచ్చిన జవాబులు కొద్ది, ఉన్నవానిలోను పనికివచ్చునవి కొద్ది. అయితే ఆ పిలుపును మనస్ఫూర్తిగా నందుకొన్నవారు కొందఱు లేకపోలేదు. ఉత్తర హిందూస్థానమున హెన్రీ ఇలియటు అను నుద్యోగి తన ప్రాంతపు జాతులను, ఆచారములను, వ్యవసాయపు మాటలను గూర్చి యెంతో సామగ్రి కూర్చి, 1845లో ఆగ్రాలో ఒక యనుబంధ గ్రంథముగా ప్రకటించెను. కడకు ఈ ఖాళీ గడుల కాగితములను, అచ్చైన పుస్తకములను, తన పాండిత్యమును కలిపి హోరేసు హేమను విల్సను పండితుడు 1855లో లండనులో న్యాయ, రెవెన్యూ పదకోశమును ప్రచురించెను. సంస్కృతము, పారసీకము మొదలుకొని తెలుగు, కన్నడము, అరవము, మలయాళముల వఱకు పదమూడు భాషల మాటలు అందున్నవి. మన కోర్టులలో తరతరములుగా దానిని ప్రమాణముగా చూపుచు వచ్చిరి.

మన తెలుగు సీమలో ఈ పని చేసినవాడు బ్రౌను. ఆయన రాజమహేంద్రవరమునను మచిలీపట్టణమునను న్యాయస్థానములలో పనిచేసిన వాడు. ఆయన 1852లో జిల్లా నిఘంటువను పేర, కచేరీలలో వాడుకలోనున్న మాటలకు ప్రత్యేకముగా ఒక పుస్తకము ప్రకటించెను. ఆయన పండితులను జీతమిచ్చి పెట్టుకొని, వారిచేత పాఠములు సరిచూపించెడివాడు.

ఇక్కడ నా మనస్సు కొంచెము నొచ్చును. విల్సను పేరు తెలియును. ఇలియటు పేరు తెలియును. గడులు నింపిన దొరకు ఆ యర్థము చెప్పినదెవరు? ఆ దొరలలో పలువురికి మొఖాసా యనగా నేమో తమంతట తెలియుటకు వీలు లేదు. కచేరీలోని మున్షీనో, శిరస్తదారునో, ఊరి కరణమునో పిలిచి యడిగియుందురు. వాడు చెప్పినది దొర వ్రాసికొనెను. దొర వ్రాసినది లండను చేరెను. లండనులో అచ్చైనది తిరిగి మన కోర్టునకు వచ్చి, ఆ కరణము మనుమనిమీదనే ప్రమాణమైనది. మధ్య చెప్పినవాని పేరు పోయినది, ఊరి పేరును పోయినది. "ఇది రాసినాయనది ఏ ఊరు?" అని మా గుమాస్తా యడిగిన ప్రశ్నకు 1855 నాటికే జవాబు లేకపోయినది.

పదముల మాట యటుండ, తీర్పుల సంగతి చూతము. తీర్పు చెప్పుట న్యాయాధిపతి పని. దానిని వ్రాసికొని, సారము తీసి, అచ్చు వేయుట చాలకాలము ప్రభుత్వము పని కాదు. అది వకీళ్ల పని. ఇంగ్లాండులో కోర్టులో కూర్చుండి విన్న బారిష్టరులు తమ పేర రిపోర్టులు ప్రకటించెడివారు. వానిలో కొన్ని నమ్మదగినవి, కొన్ని న్యాయాధిపతులే వినుటకు నిరాకరించినవి. ఇక్కడ 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడినది. 1875 నాటి చట్టము ననుసరించి ప్రభుత్వపు రిపోర్టులు వెలువడసాగినవి. అయినను 1891లో మద్రాసు వకీళ్లు తమంతట లా జర్నలు ప్రారంభింపవలసి వచ్చినది. తీర్పును చదువువాడే తీర్పును గూర్చి వ్రాయుట అన్నది ఆనాటిదే. కాని ఆ సంపుటములు కొనుట చిన్న యూళ్ల వకీలుకు తలకు మించిన భారము.

పుస్తకము లేనిచోట నోటి న్యాయము రాజ్యమేలును. అది యెట్లుండునో మన విజయనగరమువారే లోకమునకు చూపిరి. గురజాడ అప్పారావు పంతులుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శితమైనది. 1897లో అచ్చైనది. 1909లో మాఱురూపము దాల్చినది. దానిని సంఘసంస్కరణ నాటకమనియే చదువుదుము. కోర్టు కన్నులతో చదివి చూడుడు. వ్యాజ్యములలో తనంతవాడు లేడని చెప్పుకొను రామప్పంతులు, చేయని హత్యకు నేరము మోపబడిన లుబ్ధావధాన్లు, దొంగ సాక్ష్యములు, కల్పించిన కాగితములు, వకీలు మాట యొకటి, అంగటి వకీలు మాట యొకటి! అందఱును చట్టము చెప్పువారే. చెప్పినదానికి పూచీ పడువాడు మాత్రము సౌజన్యారావు పంతులు వంటివాడొకడు. నేడు ఎవరైనను వ్రాయగల వెబ్సైటులో రామప్పంతులును వ్రాయును, సౌజన్యారావును వ్రాయును. అక్షరములు రెంటికి నొకటే. ఏది యెవరిదో తెలియుటయే కష్టము.

గురజాడవారికి ఈ కష్టము స్వానుభవమే. 1891లో వారు విజయనగర సంస్థానమున శాసనపరిశోధకులుగా నియమితులైరి. 1897లో ఆనందగజపతి మహారాజు నిస్సంతుగా గతించిన పిమ్మట సంస్థానపు వారసత్వమును గూర్చి వ్యాజ్యము లేచినది. ఆ వ్యాజ్యమునకై చారిత్రకాధారములు కూర్చు భారము వారిపై పడినది. శాసనములు, దఫ్తరములు, వంశావళులు వెదకి, ఏది నమ్మదగినది, ఏది కల్పితము అని తేల్చుటలో వారి జీవితకాలమున నెన్నియో యేండ్లు గడచినవి. ఆధారమెక్కడిదని యడుగుట వారికి దినదినపు పనియైనది.

ఇక నేటి కాలమునకు వత్తము. 1992లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు చట్టములను ఇంటర్నెట్టులో ఉచితముగా పెట్టుట ప్రారంభించిరి. పిదప వారే వెక్సు అను న్యాయపదకోశమును తెఱచి, యోగ్యులైనవారు దానిలో వ్రాయవచ్చుననిరి. విల్సను ఖాళీ గడియే మఱల పుట్టినది! మన దేశమున 2008లో సుశాంత్ సిన్హా యను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు, వకీలు కాకయే, ఇండియన్ కానూన్ అను వెబ్సైటు నెలకొల్పెను. చట్టములోని సెక్షనును, దానిని వ్యాఖ్యానించిన తీర్పులను ఒకదానితో నొకటి ముడివేసెను. పాలకొండ, పార్వతీపురము, టెక్కలి వంటి యూళ్లలోని వకీలు గూడ, మద్రాసు సంపుటములు లేకయే, సుప్రీం కోర్టు తీర్పును తన బల్లమీద చదువగలుగుచున్నాడు. దీనికి కొంచెము ముందే, 2007 డిసెంబరులో, ఈస్టర్న్ బుక్ కంపెనీ వ్యాజ్యమున సుప్రీం కోర్టు, తీర్పు పాఠము ప్రజలదనియు, సంపాదకుడు తన బుద్ధితో చేర్చినది మాత్రమే అతని దనియు నిర్ణయించినది. మూలము నందఱిది, అంచులలోని వ్రాత వ్రాసినవానిది అని దీని సారము.

అమెరికాలో కోర్టు కాగితములు చూడవలెనన్న పుటకింత యని రుసుము చెల్లింపవలెను. 2009లో ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమువారు రీకాప్ అను నుపాయము కనిపెట్టిరి. ఒక వకీలు రుసుమిచ్చి కాగితము తెప్పించుకొన్నంతనే, దాని నకలు ఉచిత భాండారమునకు చేరును. తరువాతివాడు రుసుము లేకయే చదువుకొనును. ఇచ్చువాడు క్రొత్తగా వ్రాయవలసిన దేమియు లేదు, తాను చేయు పనిని చేసికొనినచో చాలును. కనుకనే ఇది నిలిచినది.

దీనికి మాఱుగా 2013లో కేస్‌టెక్స్టు అను సంస్థ పుట్టినది. తీర్పుల ప్రక్కన వకీళ్లే వచ్చి వ్యాఖ్యలు వ్రాయుదురనియు, ఆ వ్యాఖ్యలే లక్షల వెలగల గ్రంథములకు బదులగుననియు వారి యాశ. కాని వ్రాయుటకు వకీళ్లకు తీరిక చిక్కలేదు. 1842లో కలెక్టరులకు చిక్కని తీరికయే యిది. ఆ సంస్థ క్రమముగా పదుగురి వ్రాతను విడిచి కృత్రిమబుద్ధి వైపునకు మఱలినది. 2023లో థామ్సన్ రాయిటర్స్ వారు దానిని 65 కోట్ల డాలరులకు కొనిరి. పాఠకుని చేతిమీదనే కట్టదలచిన కోశము, పాఠకుడు రాకపోవుటచే యంత్రము చేతికి పోయినది.

కోర్టులు గూడ ఈ పదుగురి వ్రాతను గూర్చి రెండు మనస్సులతో నున్నవి. 2010లో వేలుస్వామి తీర్పున సుప్రీం కోర్టు, పెండ్లికాని సహజీవనమును గూర్చి చెప్పుచు వికీపీడియాను పేర్కొనినది. 2023 జనవరిలో అదే కోర్టు, పన్నుల వ్యాజ్యమొకదానిలో, ఎవరైనను మార్పగల యిట్టి యాధారములపై పూర్తిగా నమ్మిక యుంచరాదనియు, ప్రామాణికములైన వానిని చూపుడనియు హెచ్చరించినది. ఆ నెలలోనే సుప్రీం కోర్టు తన తీర్పులను, సుమారు 34,000, తానే ఉచితముగా ఇంటర్నెట్టులో పెట్టినది. మూలపాఠమునకు పూచీ ప్రభుత్వము వహించినది. ఇక అంచుల సంగతి మిగిలినది.

ఈ యంచులను మూసివేయవలెనా? మూసివేసిన లాభము లేదు. పదుగురి చేయి లేనిదే మితాక్షర లేదు, విల్సను కోశము లేదు, లా జర్నలు లేదు. అట్లని యెవరేమి వ్రాసినను ఒప్పుకొనవలెనా? ఆ సందేహము తీర్చుటకు నాకు మన పాత సాక్ష్యచట్టమే తోడు వచ్చినది. 1872 నాటి ఇండియన్ ఎవిడెన్సు యాక్టులో 49వ సెక్షనును ఒక్కసారి చదువుడు. ఒక ప్రాంతమువారిలోనో ఒక వర్గమువారిలోనో వాడుకలోనున్న మాటల యర్థమును గూర్చి తగవు వచ్చినపుడు, దానిని ఎఱుగుటకు ప్రత్యేక సాధనములు గలవాని యభిప్రాయమును కోర్టు వినవచ్చునని అందున్నది. 2024 జూలై 1న ఆ చట్టము పోయి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను ఈ నియమము పోలేదు.

ఈ సెక్షనులో పండితుడు, డిగ్రీ, ఉద్యోగము అను మాటలు లేవు. ఎవడైనను చెప్పవచ్చును. అయితే నీకెట్లు తెలియునని యడిగినచో జవాబు చెప్పగలవాడై యుండవలెను. బోనులో నిలువబడి, తన పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి, ఎదుటి వకీలు ప్రశ్నకు తట్టుకొనవలెను. కావున చట్టము పదుగురి మాటను కాదనలేదు. పేరు లేని, ఊరు లేని మాటను మాత్రమే కాదనినది. మా గుమాస్తా సెక్షను చదువలేదు. అయినను ఆయన యడిగినది సరిగా ఈ ప్రశ్నయే.

ఈ విషయమున మన ప్రాంతమునకు తొందర గలదు. 1948 నాటి చట్టముతో జమీందారీలు పోయినవి. 1956 నాటి చట్టముతో ఇనాములు రైతువారీలోనికి మాఱినవి. 1984లో కరణముల యుద్యోగములే రద్దయినవి. ఆనాడు ముప్పదియేండ్ల కరణమునకు నేడు డెబ్బది దాటినది. అడంగలు, శిస్తు రశీదు, కట్టుబడి లెక్క చూచిన కన్నులు మసకబారుచున్నవి. మాటలు మాత్రము పోలేదు. అవి దస్తావేజులలో నున్నవి, వ్యాజ్యములలో నున్నవి, బేరములలో అడ్డుపడుచున్నవి. మాట మిగిలి, అర్థము చెప్పువాడు లేకపోయిన నాడు, ఆ ఖాళీని ఎవడో దూరమున గూర్చుండి ఊహతో నింపును. ఆ యూహయే పదిచోట్ల నకలై, చివరకు ప్రమాణమగును. విల్సను గడులనుండి మన మీ పాటి నేర్చుకొని యుండవలెను.

కావున శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురము మన్యము జిల్లాల వకీళ్లకును, వారి గుమాస్తాలకును, మాజీ గ్రామోద్యోగులకును నాదొక మనవి. మీకు తెలిసిన మాటను వ్రాయుడు. ఏ వెబ్సైటులో వ్రాసినను సరియే. అయితే నాలుగు సంగతులు చేర్చుడు: మీ పేరు, ఈ యర్థము వాడుకలోనున్న ఊరు, మీరు చూచిన కాగితము ఏ సంవత్సరపుది, ఆ కాగితము మీరు స్వయముగా చూచితిరా లేక విన్నదా. వెబ్సైటులు నడపువారికిని ఒక మనవి. వ్రాయుమని పెట్టె విడిచినపుడు, దాని ప్రక్కన ఈ నాలుగు గడులును విడువుడు. నింపనివారి వ్రాతను తీసివేయ నక్కఱలేదు. నింపినవారి వ్రాతను పైన నుంచిన చాలును.

ఆ రైతు కుటుంబము సంగతి మీరడుగుదురు. మఱునాడు గుమాస్తా ఆ కాగితముల కట్ట నంతయు విప్పి, వరుసగా పేర్చెను. అడుగున చెదలు తిన్న రెండు కట్టుబడి రశీదులు దొరికినవి. వానిలో ఏటేట చెల్లించిన సొమ్మున్నది గాని కొలువు మాట లేదు. కాబట్టి ఆ భూమి విషయమున ఆ మాటకు పన్నని యర్థము చెప్పుకొనుటకు ఆధారము చిక్కినది. విల్సను కోశము తీసి చూచితిమి. అందు రెండర్థములును ఉన్నవి. మన యూరి కేది చెల్లునో అది చెప్పదు. ఆ రశీదులు చెప్పినవి. కొనువారి వకీలు ఇంకను ఆలోచించుచున్నాడు. బేరము తేలలేదు.

చిన్న వకీలు మాత్రము ఆ సాయంకాలము ఫోను తెఱచి, మూడవవాని వ్రాత క్రింద నాలుగవ వ్రాత చేర్చెను. రశీదుల సంవత్సరములు వ్రాసెను, ఊరు వ్రాసెను, తన పేరు వ్రాసెను. తరువాత గుమాస్తా వైపు తిరిగి, "తాతా, నీ పేరుకూడా రాయనా?" అని యడిగెను. ముసలివాడు కొంతసేపు దారమునకు మైనము రాచుచు ఊరకుండెను. "రాయి బాబూ. ఎవరైనా అడిగితే నేనున్నాను కదా" అనెను.